ఒకే ఆంబోతు దూడలు వంకర కాళ్లతో పుడుతుంటే మందంతా అమ్మేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మీకు 80 ఆవుల మాంసపు జాతి మంద ఉంది. కొన్ని ఆంగస్, కొన్ని బ్రాంగస్ (ఆంగస్, బ్రామన్‌ల సంకరం). ఐదేళ్లుగా ఒకే ఆంగస్ ఆంబోతును వాడుతున్నారు. ఈసారి ఈతల్లో రెండు దూడలు వెన్ను వంకరపోయి, కాళ్లు కర్రల్లా బిగుసుకుని చచ్చి పుట్టాయి. ఆ రెండింటి తల్లులూ ఆ ఆంబోతు కూతుళ్లే. దానికే కట్టిన కూతుళ్లు ఈ ఏడు మొత్తం 15 ఈనాయి. ఆంబోతునూ దాని సంతతినంతా అమ్మేయమని పక్క ఫామ్ ఆయన చెబుతున్నారు. ఏం చేయాలి?

సూటిగా చెప్తాను. కూతుళ్లను అమ్మకండి. ఆంబోతును మాత్రం ఈరోజే మందలోంచి విడదీయండి. చనిపోయిన దూడల నుంచి, వాటి తల్లుల నుంచి, ఆంబోతు నుంచి నమూనాలు తీసి డీఎన్ఏ పరీక్షకు పంపండి. ఇది జన్యులోపమేనని తేలితే, ఇకమీద పరీక్షలో 'ఫ్రీ', అంటే ఆ చెడ్డ జన్యువు లేదు, అని వచ్చిన ఆంబోతునే వాడండి. పాత ఆంబోతుకు ఇప్పటికే చూడితో ఉన్నవి ఈనాక, ఆ లోపంతో దూడలు పుట్టడం అంతటితో ఆగిపోతుంది, ఆవుల్లో ఆ జన్యువును మోసే క్యారియర్లు ఎన్ని ఉన్నా సరే. ఎందుకలా అన్నది వివరంగా చెప్తాను, ఎందుకంటే భయపడి మంచి ఆవులను కబేళాకు తోలేసినవాళ్లు చాలామంది.

ఈ లోపాల్లో ఎక్కువ భాగం అంతర్గత లక్షణాలు. దూడకు తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి, ఆ జన్యువు చెడ్డ ప్రతులు రెండూ చేరితేనే లోపం బయటపడుతుంది. ఒక్కటే ఉన్నది క్యారియర్. తింటుంది, పెరుగుతుంది, చూడి కడుతుంది, ఏ తేడా కనిపించదు. క్యారియర్‌కు క్యారియర్‌ను కడితే నాలుగింట ఒక దూడ లోపంతో పుడుతుంది, రెండు క్యారియర్లు, ఒకటి ఫ్రీ. క్యారియర్‌కు ఫ్రీని కడితే సగం క్యారియర్లు, సగం ఫ్రీ, లోపమున్న దూడ సున్నా. మొత్తం వ్యవహారం ఈ సున్నా మీదే నడుస్తుంది.

ఇప్పుడు మీ లెక్క చూడండి. ఆంబోతు క్యారియర్ అనుకుందాం. దాని కూతుళ్లలో సగానికి ఆ జన్యువు వస్తుంది. అలాంటి కూతురును మళ్లీ తండ్రికే కడితే నాలుగో వంతు. సగంలో నాలుగో వంతు అంటే ఎనిమిదో వంతు. 15 మంది కూతుళ్లను ఎనిమిదితో భాగిస్తే దాదాపు రెండు. మీకు పుట్టినవీ రెండే. ఈ పొంతన బలమైన అనుమానమే, కానీ రుజువు కాదు. వంకర దూడలన్నీ జన్యువుల వల్లే పుట్టవు, మీరున్న చోట అయితే మరీను.

ముందు తేల్చాల్సింది: ఇది జన్యువా, వైరసా? క్వీన్స్‌లాండ్‌లో అకబానే అనే వైరస్ ఉంది. క్యూలికాయిడ్స్ అనే సన్నటి కుట్టే ఈగలు దాన్ని మోస్తాయి. చూడి ఆవుకు ఇది సోకితే ఆవు జబ్బు పడదు, కడుపులో దూడ పాడవుతుంది. కీళ్లు బిగుసుకుపోయి పుడుతుంది, లేదా పుర్రెలో మెదడుకు బదులు నీళ్లుంటాయి. చూడటానికి ఆంగస్ జన్యులోపానికీ దీనికీ తేడా పోల్చడం అనుభవమున్న పశువైద్యులకే కష్టం. వైరస్ ఎప్పుడూ తిరిగే ప్రాంతంలో పుట్టి పెరిగిన పెయ్యలకు మొదటి చూడికి ముందే సోకి రక్షణ వచ్చేసి ఉంటుంది. ఆస్ట్రేలియా దక్షిణ ప్రాంతాల నుంచి కొనుక్కొచ్చిన ఆవులకు ఆ రక్షణ ఉండదు. కాబట్టి మొదటి ప్రశ్న: ఆ రెండు తల్లులు మీ దగ్గరే పుట్టాయా? కూతుళ్లంటున్నారు కాబట్టి ఇక్కడివే అయి ఉండాలి, అది అకబానే అనుమానాన్ని కాస్త తగ్గిస్తుంది. కానీ మీ ఫామ్ ఆ ఈగలు ఏటా రాని అంచు ప్రాంతంలో ఉండి, కిందటేడు వానలు బాగా పడి ఉంటే మళ్లీ అనుమానించాల్సిందే. కడుపులో దూడను పాడుచేసే మరో వైరస్, పెస్టివైరస్‌ను కూడా ఇదే జాబితాలో పెట్టండి.

వైరస్ అయితే కేసులు కొన్ని వారాల్లో గుంపుగా వస్తాయి, ఏ ఆంబోతు సంతానమన్నది చూడవు. జన్యువు అయితే ఈతల కాలమంతా అక్కడొకటి ఇక్కడొకటిగా వస్తాయి, ఒకే వంశం చుట్టూ తిరుగుతాయి. ఈత పుస్తకంలో తేదీ, తల్లి ట్యాగ్ నంబరు, తండ్రి, దూడ స్థితి రాసిపెట్టే అలవాటు ఉన్నవాళ్లకు సగం జవాబు ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.

ఖాయంగా తేల్చేది ల్యాబ్. జున్నుపాలు తాగని దూడ గుండె నుంచి రక్తం, లేదా ఛాతీలోని ద్రవం తీసి యాంటీబాడీలు చూడాలి. ఆవుల్లో మాయ గుండా యాంటీబాడీలు దూడకు వెళ్లవు, జున్నుపాల ద్వారానే వెళ్తాయి. కాబట్టి పాలు ముట్టని దూడలో అకబానే యాంటీబాడీలు కనిపిస్తే, ఆ దూడకు కడుపులోనే వైరస్ సోకిందని అర్థం. ఒక్క గుటక జున్నుపాలు తాగినా ఈ పరీక్ష అర్థం పోతుంది.

చచ్చిన దూడను ఎలా దాచాలో చాలామందికి తెలియదు. ఫ్రీజర్‌లో పెట్టకండి. గడ్డకడితే కణజాలం చితికి, సూక్ష్మదర్శిని కింద పనికిరాకుండా పోతుంది. చల్లగా, దాదాపు 4 డిగ్రీల దగ్గర ఉంచి 24 గంటల్లోపు పశువైద్యుడికి అందించండి. అందించలేకపోతే కనీసం ఇవి చేయండి: రెండు పక్కల నుంచీ ఫొటోలు, వెన్నుపూస పైనుంచి, ముఖం ఎదురుగా, నోరు తెరిచి అంగిలి చీలిందో లేదో కనిపించేలా ఒకటి. బరువు తూచండి. చెవి ముక్క తీయండి. దూడను పాతేశాక ఇవేవీ తిరిగి రావు.

లోపం జన్యువుదే అనుకుంటే ఆంగస్‌లో మొదట చూడాల్సింది ఏఎం. పూర్తి పేరు ఆర్థ్రోగ్రైపోసిస్ మల్టిప్లెక్స్, వాడుకలో 'కర్లీ కాఫ్'. 2008లో అమెరికాలో బయటపడింది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ బీవర్ అనే శాస్త్రవేత్త దాని మూలాన్ని పట్టుకున్నారు: డీఎన్ఏలో సుమారు 23,000 అక్షరాల ముక్క ఒకటి లేచిపోయింది. దూడ చిన్నగా, కండ లేకుండా, వెన్ను మెలితిరిగి, కాళ్లు బిగుసుకుని చచ్చి పుడుతుంది. మీరు రాసిన వర్ణన దీనికి దగ్గరగా ఉంది. జీఏఆర్ ప్రెసిషన్ 1680 అనే పేరుమోసిన ఆంబోతు వంశంలో ఇది విస్తరించింది. మాంసం నాణ్యతకు అది గొప్పదని కృత్రిమ గర్భధారణలో విపరీతంగా వాడారు. చాలా ఏళ్లు ఎవరికీ ఏమీ తెలియలేదు, ఎందుకంటే దూడకు ఆ పేరు తండ్రి వైపునా తల్లి వైపునా రెండు చోట్లా వచ్చేదాకా లోపం బయటపడదు. ఆ తర్వాత ఆంగస్‌లోనే మరికొన్ని తేలాయి. ఎన్‌హెచ్‌లో తల బంతిలా ఉబ్బి నీటితో నిండుతుంది. సీఏలో దూడ తరచూ బతికే పుడుతుంది, కానీ పొడవుగా, వెన్ను గూనిగా, కండ తక్కువగా ఉంటుంది. డీడీలో అదనపు కాళ్లు వస్తాయి. అన్నిటికీ పరీక్షలున్నాయి. విడివిడిగా కాక ఒకే నమూనాతో నాలుగూ చేయించుకోండి.

పరీక్షకు పంపేటప్పుడు జరిగే తప్పులు చిన్నవే, కానీ ఫలితం రాకుండా చేసేవి అవే. వెంట్రుకలు కత్తిరించి పంపకూడదు, పీకాలి. డీఎన్ఏ వెంట్రుక కుదుళ్లలో ఉంటుంది. తోక కుచ్చును శుభ్రంగా తుడిచి, ఆరాక, పది పదిహేను వెంట్రుకలను పట్టకారుకు చుట్టి ఒక్క ఊపున లాగండి. వెలుతురుకు పట్టి చూస్తే ఒక్కో వెంట్రుక చివర ఆవగింజలో సగమంత ఉబ్బు కనిపించాలి. అదే కుదురు. అది లేకపోతే ఆ వెంట్రుక లెక్కలోకి రాదు. కుదుళ్లున్నవి 30, 40 పోగయ్యేదాకా లాగండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమకు బూజు పడుతుంది, కాగితపు కవరు మేలు. పశువుకూ పశువుకూ మధ్య పట్టకారు తుడవండి. ముందు పశువు వెంట్రుక ఒక్కటి అంటుకున్నా ఫలితం గందరగోళమే. లేగదూడల తోక వెంట్రుకలు మరీ సన్నం, వాటికి చెవి ముక్క తీసే పంచ్ వాడండి. కవల దూడలకు మాత్రం రక్తం పంపొద్దు. కడుపులో రెండు దూడల రక్తం కలిసిపోయి ఉండొచ్చు, ఒకదాని ఫలితం రెండోదానిదిగా కనిపిస్తుంది. వాటికి కుదుళ్లే నమ్మకం.

చచ్చిన దూడ పరీక్షలో ఏఎం లోపమున్నదని వస్తే, దాని తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లేనని వేరే పరీక్ష లేకుండానే రుజువైనట్టే. కాకపోతే ఆ తండ్రి నిజంగా ఆ తండ్రేనా అన్నది చూసుకోవాలి. కంచె దాటొచ్చిన పక్క ఫామ్ ఆంబోతు కథలు మీ ప్రాంతంలో కొత్త కాదు. ఒకే బీట్లో రెండు మూడు ఆంబోతులను వదిలే మందల్లో తండ్రి ఎవరన్నది డీఎన్ఏ చెబితేనే తెలుస్తుంది. అదే నమూనాతో పితృత్వ పరీక్ష కూడా అడగండి.

నివేదికలో కోడ్‌లు ఇలా చదవాలి. ఏఎంఎఫ్ అంటే పరీక్షించి ఫ్రీ. ఏఎంసీ అంటే క్యారియర్. ఏఎంఏ అంటే లోపమున్నది. ఆస్ట్రేలియా ఆంగస్ రికార్డుల్లో ఏఎంఎఫ్‌యూ అని కూడా ఉంటుంది. పరీక్షించలేదు, వంశవృక్షం ప్రకారం ఫ్రీ అయి ఉండాలని దాని అర్థం. ఆవు విషయంలో నాకు అది చాలు. ఆంబోతు కొనేటప్పుడు మాత్రం అది చాలదు, వంశవృక్షంలో ఒక్క పేరు తప్పు పడినా ఆ అంచనా కూలిపోతుంది. ఇంకొకటి: 'ఫ్రీ' అన్న మాట ఆ ఒక్క లోపానికే వర్తిస్తుంది. ఏఎంఎఫ్ ఆంబోతు ఎన్‌హెచ్ క్యారియర్ కావచ్చు.

బ్రాంగస్ ఆవులున్నాయి కాబట్టి సంకరం కదా, ఏం కాదులే అనుకోకండి. బ్రామన్, ఆంగస్‌ల మొదటి సంకరంలో ఆంగస్ లోపం బయటపడదన్నది నిజమే, బ్రామన్ వైపు మంచి ప్రతి ఉంటుంది కాబట్టి. కానీ ఆ సంకరపు పెయ్యను మళ్లీ ఆంగస్‌కు కట్టినా, సంకరాన్ని సంకరానికి కట్టినా ఆ రక్షణ పోతుంది. బ్రాంగస్‌లో ఎనిమిదింట ఐదు వంతులు ఆంగస్ రక్తం, మూడు వంతులు బ్రామన్. అంటే రెండు జాతుల లోపాలకూ తలుపు తెరిచే ఉంటుంది.

బ్రామన్ వైపు నుంచి వచ్చేది పాంపే వ్యాధి. (బ్రామన్ మనకు పరాయిది కాదు. ఒంగోలు, గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ పశువుల రక్తంతో అమెరికాలో తయారై, 1933లో ఆస్ట్రేలియాకు చేరిన జాతి. అమెరికా ఖండాల్లో ఒంగోలును నెల్లూరు అంటారు.) ఈ పాంపే మోసగాడు. దూడ పుట్టినప్పుడు నిక్షేపంగా ఉంటుంది. కండరాల్లో గ్లైకోజెన్ అనే నిల్వ చక్కెర కరగక పేరుకుపోతూ, కొన్ని నెలలకు ఎదుగుదల మందగిస్తుంది, నడక తడబడుతుంది, మందతో పాటు రాలేదు, ఎనిమిది తొమ్మిది నెలలకల్లా చచ్చిపోతుంది. అప్పటికి జనం పిడుదు జ్వరమనో విషపు మొక్క తిన్నదనో అనుకుని పాతేస్తారు. పాలు విడిపించే వయసులో కారణం తెలియకుండా దూడ పోతే తోక వెంట్రుకలు తీసి పెట్టుకోండి.

పాంపే నివేదిక చదవడంలో ఒక మెలిక ఉంది. బ్రామన్‌లో ఒకే జన్యువులో రెండు వేర్వేరు తప్పులున్నాయి, వాటిని ఈ7, ఈ13 అని విడివిడిగా రాస్తారు. ఆంబోతు ఈ7 క్యారియర్, ఆవు ఈ13 క్యారియర్ అయితే 'వేరు వేరే కదా' అనుకుని కట్టకండి. తప్పులు రెండైనా జన్యువు ఒకటే. రెండూ చేరిన దూడకు మంచి ప్రతి ఒక్కటీ మిగలదు, జబ్బు పడుతుంది. ఏఎం క్యారియర్‌కు ఎన్‌హెచ్ క్యారియర్‌ను కడితే అలా కాదు, అవి వేరు వేరు జన్యువులు, లోపమున్న దూడ పుట్టదు. కానీ నాలుగింట ఒక దూడ రెండిటికీ క్యారియర్ అవుతుంది, తలనొప్పి తర్వాతి తరానికి పోతుంది.

ఇక కూతుళ్ల సంగతి. మీరు రిజిస్టర్డ్ ఆంబోతులు అమ్మేవారు కాదు, దూడలను మాంసానికే అమ్ముతారు అని మీ ప్రశ్నను బట్టి అనుకుంటున్నాను. అలాంటప్పుడు ఆవులన్నిటినీ పరీక్షించే ఖర్చు అక్కర్లేదు. ఆంబోతు ఒక్కటీ ఫ్రీ అయితే ఏ క్యారియర్ ఆవూ లోపమున్న దూడను ఈనదు. మందలో క్యారియర్ల వాటా తరానికి సగం చొప్పున దానంతటదే తగ్గిపోతుంది: 50 శాతం ఉంటే 25, తర్వాత పన్నెండున్నర. క్యారియర్ దూడ మాంసానికి ఏ దోషమూ లేదు, బరువూ తగ్గదు. అదే మీరు ఆంబోతులు, పెయ్యలు బ్రీడింగుకు అమ్మేవారైతే లెక్క మారుతుంది. అమ్మే ప్రతి పశువునూ పరీక్షించాలి, ఫలితం కొనేవాడికి ముందే చెప్పాలి. మంచి క్యారియర్ ఆవును ఫ్రీ ఆంబోతుకు కట్టి, ఫ్రీ వచ్చిన కూతురును ఆమె స్థానంలో ఉంచుకుని, ఆ తర్వాత ఆమెను పంపించేయండి. ఆమె మంచి పాలు, పొదుగు, సులువు ఈత అన్నీ ఆ కూతురులో మిగులుతాయి, చెడ్డ ముక్క ఒక్కటే పోతుంది.

1950లలో అమెరికాలో హియర్‌ఫోర్డ్, ఆంగస్ జాతుల్లో మరుగుజ్జు దూడలు పుట్టినప్పుడు ఈ వెసులుబాటు లేదు. అప్పట్లో ప్రదర్శనల్లో పొట్టిగా, దిట్టంగా ఉన్న పశువులకే బహుమతులు. క్యారియర్లు సరిగ్గా అలా కనిపించేవి, అందుకే జనం తెలియకుండా వాటినే ఏరి పెంచారు. డీఎన్ఏ పరీక్ష లేక, అనుమానమున్న వంశాలను మొత్తంగా తుడిచేశారు. ఆంబోతు ఫ్రీ అని నిరూపించాలంటే సొంత కూతుళ్లకు కట్టి 23 దూడలు మామూలుగా పుట్టేదాకా చూడాలి, అప్పటికీ 95 శాతం నమ్మకమే. 99 శాతం కావాలంటే 35 దూడలు. ఈరోజు గుప్పెడు వెంట్రుకలతో తేలేదానికి వాళ్లు ఏళ్లూ మందలూ పోగొట్టుకున్నారు. పక్క ఫామ్ ఆయన ఇస్తున్న సలహా ఆ కాలానిది.

మీ ఆంబోతు క్యారియర్ అని తేలితే దాన్ని కబేళాకే పంపండి, బ్రీడింగుకు అమ్మొద్దు. ఆవు ఏడాదికి ఒక దూడనే ఇస్తుంది, ఆంబోతు పాతిక ముప్పై ఇస్తుంది. అందుకే ఆవు దగ్గర ఓపిక పడతాం, ఆంబోతు దగ్గర పట్టం. క్యారియర్ కాదని తేలినా సరే, సొంత కూతుళ్లకు తండ్రిని కట్టడం మానండి. పరీక్ష ఉన్న లోపాలు కొన్నే. ప్రతి పశువులోనూ ఇంకా ఎవరూ కనిపెట్టని చెడ్డ ప్రతులు కొన్ని దాగి ఉంటాయి. తాతల్లో ఒకరు క్యారియర్ అయితే ఆ తాత మనవణ్ణి అదే తాత మనవరాలికి కట్టినప్పుడు లోపం వచ్చే అవకాశం 64లో ఒకటి. అదే తండ్రీ కూతుళ్లయితే 8లో ఒకటి. కూతుళ్లు కట్టే వయసుకు వచ్చేసరికి ఆంబోతును మార్చండి, లేదా కూతుళ్లను వేరే బీట్లో వేరే ఆంబోతుతో ఉంచండి. ఊళ్లో ఒకే ఒంగోలు ఆంబోతు ఏళ్ల తరబడి తన కూతుళ్లనే కట్టే చోట్ల కూడా ఇదే మాట. ఇంటి దగ్గర మీవాళ్లకు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులుంటే, వీర్యం ఇచ్చే కేంద్రం తన ఆంబోతులను బీఎల్ఏడీ, డంప్స్, సిట్రులినీమియా, ఫ్యాక్టర్ 11 లోపాలకు పరీక్షించిందా అని అడగమనండి. జాబితా వేరు, సూత్రం ఇదే.

కొత్త ఆంబోతు కొనేటప్పుడు ఏఎం, ఎన్‌హెచ్, సీఏ, డీడీ నాలుగిటికీ పరీక్షించిన ఫ్రీ కాగితం, బ్రాంగస్ అయితే వాటితో పాటు పాంపే ఈ7, ఈ13 రెండూ చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. కాగితం మీది ట్యాగ్ నంబరు, చెవి మీది నంబరు ఒకటేనా అన్నది అక్కడే నిలబడి సరిచూడండి.

చివరిగా తొందరది. ఈ సీజన్‌లో ఆ ఆంబోతు కూతుళ్లు మళ్లీ దానికే కట్టి ఇప్పటికే చూడితో ఉండొచ్చు. వాటి చూడిని తీయించాల్సిన పని లేదు, ఎనిమిదింట ఏడు దూడలు మామూలుగానే పుడతాయి. కానీ బిగుసుకున్న కాళ్లు మడవవు కాబట్టి లోపమున్న దూడ దారిలో అడ్డం పడి తల్లి ప్రాణం మీదికి వస్తుంది. ఈత దగ్గరపడ్డ పెయ్యలను ఇంటికి దగ్గర్లో ఉన్న బీట్లోకి మార్చి, రోజుకు రెండు మూడు సార్లు చూడండి. నొప్పులు మొదలై రెండు గంటలైనా ముందుకు కదలకపోతే గొలుసులు వేసి బలంగా లాగకండి, వంగని కాళ్లు గర్భాశయాన్ని చీలుస్తాయి. పశువైద్యుణ్ణి పిలిచి, లోపమున్న దూడ కావచ్చని ఫోన్‌లోనే చెప్పండి. అప్పుడు సిజేరియన్‌కో, దూడను లోపలే ముక్కలుగా తీయడానికో సరిపడా సామానుతో వస్తారు. దూడ ఎలా పుట్టినా చెవి ముక్క తీసుకుని, ట్యాగ్ నంబరు రాసి, పక్కన పెట్టండి.